చాట అల్లిన చేతులు



ప్రభుత్వమే మనుషుల్ని నిర్బంధించి చాకిరీ చేయించే శిబిరాలనగానే మనకు సైబీరియా గుర్తొస్తుంది. అంతదూరం పోనక్కర్లేదు. మీ వంటింటి గోడకున్న చాట చాలు.

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో చాటలూ బుట్టలూ అల్లేది యెరుకలవారు గదా! పూర్వం వీరిలో చాలామంది గాడిదలమీద, యెద్దులమీద కోస్తా ఉప్పు తెచ్చి, లోనాడులో ధాన్యానికి మార్చుకునేవారు. 1864లో కుప్పం మీదుగా బెంగుళూరుకు రైలు నడిచింది. ఉప్పు రైలెక్కింది, వీరి బేరం పడిపోయింది. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చి వెదురుకూ, మేతకూ అడ్డు పెట్టింది. బ్రతుకుతెరువు పోయి తిరిగేవాళ్లను చూసి సర్కారు జాలిపడలేదు, అనుమానపడింది.

ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మన మద్రాసు రాజధానికీ తెచ్చారు. చిత్తూరు జిల్లా యేర్పడిందీ ఆ యేడే. ఒక కులాన్ని నేరస్తులని గెజెట్టులో ప్రకటిస్తే చాలు, అదేమని యే కోర్టూ అడగరాదు. వేలిముద్రలివ్వాలి, పిలిచినప్పుడల్లా హాజరు చెప్పాలి. సర్కారు తలిస్తే కుటుంబాలను తీసుకుపోయి సెటిల్‌మెంటులో పెట్టవచ్చు. అక్కడినుంచి చీటీ లేనిదే కదలరాదు. పిల్లల్ని తల్లిదండ్రులనుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టమే యిచ్చింది.

అలా బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో, కావలి సెటిల్‌మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషను చేతిలో నడిచాయి. స్టువర్టుపురం కూలీలు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి అక్కరకొచ్చారు. “చదువు చెప్పారు, భూమి యిచ్చారు గదా” అంటారేమో. నిజమే. కాని బయట గడియపెట్టి అన్నం పెడితే దాన్ని ఆతిథ్యమంటామా?

ఈ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కాని మచ్చ పోలేదు. 1970లలో జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారు స్టువర్టుపురం వెళ్లి, ఆ కుటుంబాలమధ్య యేళ్లతరబడి పనిచేయవలసి వచ్చింది.

ఒక మాట ఒప్పుకుంటాను. బుట్టలమ్మ గుమ్మంలోకి రాగానే మా అత్తగారు ఇత్తడి చెంబు లోపల పెట్టించేవారు. తర్వాత నేనూ అలాగే పెట్టాను. ఆమె మా యింట్లో గడ్డిపోచ కూడా తీసిన మనిషి కాదు. చెంబు లోపలికి పోవడం ఆమె చూసింది, ఏమీ అనలేదు. చాట ధర మాత్రం చెప్పింది. ఆ ధరకూ నేను బేరమాడాను!

చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది. మన గుమ్మంలో మిగిలిన దాన్ని రద్దు చేయవలసింది మనమేనమ్మా. ఈసారి ఆమె వస్తే చెంబు దాచకండి. అదే చెంబుతో మంచినీళ్లివ్వండి.