ముప్పై అయిదో వంతు ట్యాంకు

1960లలో వచ్చిన ప్లాస్టిక్ ట్యాంకు కిట్‌ను బోర్లా తిప్పి చూస్తే అడుగున కన్నాలు కనిపిస్తాయి. స్విచ్‌కి ఒకటి, స్క్రూలకు కొన్ని, బ్యాటరీలు మార్చుకునే చోట ఒక మూత. అసలు ట్యాంకు కింద అవేవీ ఉండవు. పిల్లవాడు మీట నొక్కగానే జరజరా పాకి, దారికి అడ్డంగా పెట్టిన పుస్తకాన్ని ఎక్కి దిగడం ఆ బొమ్మ పని. పదేళ్లు తిరిగేసరికి ఆ పిల్లలే పెద్దవాళ్లై ఆ కన్నాలను పూడ్చడం మొదలుపెట్టారు. పాత కిట్‌ను అసలు ట్యాంకుకు వీలైనంత దగ్గరగా తీసుకురావడమనే సరదా అక్కడ మొదలై, ఒక విద్యగా, ఆ తర్వాత ఒక వ్యాపారంగా ఎదిగింది.

ఈ కథలో సగం జపాన్‌లోని షిజువోకా నగరంలో నడిచింది. కలప పని, చెక్కబొమ్మల పని ఆ ఊరికి పాతవి. అఓషిమా, హసెగావా, ఫుజిమి, తమియా వంటి పేరుమోసిన మోడళ్ల సంస్థలు ఆ ఊరివో ఆ చుట్టుపక్కలవో. యోషియో తమియా 1946లో పెట్టింది కలప వ్యాపారమే. కొద్దికాలానికే చెక్క మోడళ్లు తయారుచేయడం మొదలైంది. 1953లో సంస్థ కలప వ్యాపారం మానేసి పూర్తిగా మోడళ్లవైపు తిరిగింది. ఇంతలో విదేశీ ప్లాస్టిక్ కిట్లు వచ్చిపడి చెక్క మోడళ్ల గిరాకీని దెబ్బకొట్టాయి. 1960లో తమియా కూడా ‘యమాటో’ యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి దిగింది. పోటీ సంస్థ అదే నౌకను ఇంకా చౌకగా అమ్మడంతో చేతులు కాల్చుకుంది.

ఆ తర్వాత నిలబెట్టింది ఒక ట్యాంకు. 1960ల మొదట్లో వచ్చిన జర్మన్ ‘పాంథర్’ కిట్‌కు పెట్టె మీద బొమ్మ వేసింది షిగెరు కొమాత్సుజకి. అప్పటికే జపాన్ పిల్లల పత్రికల్లో యుద్ధదృశ్యాల చిత్రకారుడిగా ఆయనకు పెద్ద పేరుంది. పెట్టె పిల్లలను దుకాణంలోకి లాగింది, మోటారు కిట్‌ను కొనిపించింది.

లోపల మోటారు, గేర్‌బాక్సు, బ్యాటరీలు పట్టాలి. ట్యాంకు కొలత ఆ అవసరాన్నిబట్టే తేలింది. అన్నీ అమరిన తర్వాత, అసలు పాంథర్‌తో పోల్చి లెక్కకడితే అది దాదాపు ముప్పై అయిదో వంతుగా వచ్చిందని యోషియో కుమారుడు షున్‌సాకు తమియా తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పుకున్నారు. అప్పట్లో ఈ రంగంలో ఒకే కొలత అంటూ లేదు. అమెరికాలో రెవెల్ తన షెర్మన్ ట్యాంకును నలభయ్యో వంతుకు తెచ్చింది. ఇంగ్లండ్‌లో ఎయిర్‌ఫిక్స్ ట్యాంకులు డెబ్భై ఆరో వంతువి. బ్యాటరీలను బట్టి తేలిన 1/35 చివరికి ప్రపంచమంతటా ట్యాంకు మోడళ్లకు ప్రామాణికమైంది.

మోటారు మిగిల్చిన లోపాలు అడుగునున్న కన్నాలతో అయిపోలేదు. షెర్మన్ వంటి ట్యాంకుల్లో బాడీ ట్రాక్‌ల మీదికి ఇరువైపులా పొడుచుకొస్తుంది. చాలా పాత కిట్లలో ఆ భాగానికి అడుగే ఉండదు, కిందనుంచి చూస్తే లోపలి డొల్లతనం బయటపడుతుంది. ట్రాక్‌లు సాగే వినైల్ పట్టీలు. అసలు జర్మన్ టైగర్ ట్యాంకు ట్రాక్‌కు టన్నుల కొద్దీ బరువుంటుంది కాబట్టి పైభాగం వేలాడుతూ చక్రాల మీద వాలుతుంది. బొమ్మ ట్రాక్ రబ్బరు బ్యాండులా బిగుసుకుని గాల్లో తేలుతుంది. గడ్డపార, గొడ్డలి, జాకీ వంటి పనిముట్లు బాడీతో కలిపి ఒకే ముద్దగా పోతపోసి ఉంటాయి. తుపాకీ గొట్టం చివర రంధ్రం ఉండదు.

అన్నిటికన్నా మొండి సమస్య మందం. ప్లాస్టిక్‌ను అచ్చులోకి పోసేటప్పుడు మరీ పలచటి సందుల్లోకి అది పారదు. ఒక మడ్‌గార్డు 0.8 మిల్లీమీటర్ల మందంతో వచ్చిందనుకుంటే, 35తో హెచ్చించినప్పుడు అది 28 మిల్లీమీటర్ల ఉక్కు పలక అవుతుంది. అసలు మడ్‌గార్డు మూడు మిల్లీమీటర్ల రేకైతే, మోడల్‌లో అది 0.1 మిల్లీమీటరుకన్నా తక్కువుండాలి. టైగర్ ముందు కవచం 100 మిల్లీమీటర్లు కాబట్టి మోడల్‌లో సుమారు 2.9 మిల్లీమీటర్లు చాలు, ప్లాస్టిక్‌లో సులువుగా వస్తుంది. అంటే బొమ్మ ట్యాంకులో బరువైన భాగాలు బాగానే ఉంటాయి. పలచటివే పట్టిస్తాయి.

తయారీదారులు కూడా ఊరుకోలేదు. షున్‌సాకు తమియా అమెరికాలోని అబెర్డీన్ ప్రూవింగ్ గ్రౌండ్‌కు, ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంకు వెళ్లి ట్యాంకులను అన్నివైపుల నుంచీ ఫొటోలు తీసుకొచ్చారు. 1968లో సంస్థ ‘మిలిటరీ మినియేచర్’ వరుసను జర్మన్ ట్యాంకు సిబ్బంది బొమ్మలతో మొదలుపెట్టింది. ఈ సైనికుల ఎత్తు అయిదు సెంటీమీటర్లు. మనిషి వచ్చి పక్కన నిలబడ్డాక, పరుగెత్తే బొమ్మ కాస్తా నిలిచిన దృశ్యమైంది. ఆ దృశ్యంలో మోటారు కన్నానికి చోటులేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మోడలర్లకు వేదికలు దొరికాయి. 1963లో బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ ఏర్పడింది. 1970ల మొదట్లో అక్కడే ‘మిలిటరీ మోడలింగ్’ పత్రిక మొదలైంది. కిటుకులు చేతులు మారాయి. వాటిలో చాలావాటికి ఖర్చే లేదు. కిట్‌లో భాగాలన్నిటినీ పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాన్ని స్ప్రూ అంటారు. దాని ముక్కను కొవ్వొత్తి మంటకు చూపి, మెత్తబడగానే రెండు కొసలూ పట్టి లాగితే వెంట్రుకంత సన్నని తీగ సాగుతుంది. అదే రేడియో ఏరియల్. అదే తీగను రెండు పలకల సందులో అంటించి, కరిగే జిగురు పూసి, మెత్తబడ్డాక బ్లేడు మొనతో వరసగా నొక్కితే వెల్డింగ్ గీత.

షెర్మన్‌లో ఎం4ఎ1 రకానికి పైబాడీ మొత్తం పోతపోసిన ఉక్కు. దాని ఒళ్లు గరుకుగా ఉంటుంది. పాత కిట్లలో అది నున్నగా వచ్చేది. ప్లాస్టిక్‌ను కరిగించే పలచటి జిగురును పూసి, గట్టి కుచ్చు బ్రష్‌తో పొడిచినట్టు అద్దితే ఆ గరుకుదనం వస్తుంది. బాడీ అడుగు లేనిచోట ప్లాస్టిక్ షీటు కోసి మూస్తారు. పనిముట్లను చెక్కేసి, వేరే కిట్‌లోవో సొంతంగా చేసినవో అమర్చి, వాటి పట్టీలను సీసపు రేకుతో చుడతారు. హెడ్‌లైటుకు టంకం తీగతో వైరు. టార్పాలిన్‌కు పలచటి కాగితపు రుమాలును ఫెవికాల్ లాంటి తెల్లజిగురు నీళ్లలో ముంచి మడుస్తారు. ఇంజన్ మీది గాలి జాలీలకు ఆడవాళ్ల నైలాన్ మేజోళ్ల గుడ్డ వాడినవాళ్లున్నారు. ఎగసి తేలే ట్రాక్‌ను దారంతో కిందికి కట్టేస్తారు, లేదా చక్రాలకే అంటించేస్తారు.

ఈ చిట్కాలను ఒక పద్ధతిగా నేర్పినవాళ్లలో షికాగోకు చెందిన షెపర్డ్ పెయిన్ ముఖ్యుడు. 1970లలో ఆయన మోనోగ్రామ్ సంస్థ కిట్లకోసం డయోరమాలు, అంటే చిన్న కొలతలో నిలిచిన దృశ్యాలు, కట్టారు. ఆ దృశ్యం ఎలా చేయాలో చెప్పే కరపత్రాన్ని సంస్థ పెట్టెలోనే పెట్టింది. పదేళ్ల పిల్లవాడు కూడా పెట్టె విప్పగానే, తన చేతిలోని ముక్కలతో ఏం సాధించవచ్చో రంగుల్లో చూశాడు. పెయిన్ రాసిన డయోరమాల పుస్తకం 1980లో వచ్చింది. కథ చెప్పని దృశ్యం ఎంత వివరంగా ఉన్నా వృథా అన్నది ఆయన బోధనలో ప్రధానాంశం.

బెల్జియంలో ఫ్రాంస్వా వెర్లిండెన్ దారి వేరు. ముదురు రంగు నీళ్లను సందుల్లోకి పారించడం, దాదాపు ఆరిన బ్రష్‌తో లేత రంగును ఎత్తుల మీద రుద్దడం ఆయన పనిలో కొట్టొచ్చినట్టు కనిపించేవి. రెండోదాన్ని డ్రై బ్రషింగ్ అంటారు. ఒక తరం మోడలర్లు ఆ పద్ధతినే పట్టుకున్నారు. ఆయన అంతటితో ఆగలేదు. ఇంట్లో కూర్చుని ఒక్కొక్కరూ చెక్కుకుంటున్న భాగాలను రెజిన్‌లో పోతపోసి పొట్లాలు కట్టి అమ్మారు. పాత కిట్‌కు సరంజామా అమ్మడమే ఒక వ్యాపారమైంది.

మందం సమస్యకు జవాబు ఇత్తడి రేకు ఇచ్చింది. పలచటి రేకు మీద కాంతికి స్పందించే పూత పూసి, గీసిన బొమ్మను ఫిల్ము ద్వారా దానిమీదికి ఎక్కించి, అక్కర్లేని లోహాన్ని రసాయనంతో తినిపించేస్తే, మిల్లీమీటరులో పదో వంతు మందంతో మడ్‌గార్డులు, జాలీలు, బిళ్లలు, పట్టీలు వస్తాయి. ఎలక్ట్రానిక్స్‌లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. చెకోస్లోవేకియాలో 1989లో మొదలైన ఎడ్వార్డ్ సంస్థ ఈ రేకులతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. జపాన్‌లో మోడల్ కాస్టెన్ ట్రాక్‌ను ఒక్కో లింకుగా విడదీసి అమ్మింది. దుకాణంలో కిట్ కన్నా దాని చుట్టూ పేరుకున్న సరంజామా ఖరీదెక్కింది.

అయితే ఏది అతికించాలో తెలియాలంటే చరిత్ర తెలియాలి. దీనికి జిమ్మెరిట్ మంచి ఉదాహరణ. అయస్కాంతపు మందుపాతరలు అంటుకోకుండా జర్మన్లు తమ ట్యాంకులకు ఒక గట్టి ముద్ద పూసేవారు. బేరియం సల్ఫేటు, పాలివినైల్ అసిటేటు, పసుపుమట్టి రంగు, రంపపు పొట్టు అందులో కలిసేవి. తడిమీద పళ్లున్న పనిముట్టుతో గీతలు దిద్దేవారు. ఆ పూత 1943 వేసవి చివర మొదలై 1944 సెప్టెంబరుతో ఆగిపోయింది. గుండు తగిలితే అది మండుతుందన్న అనుమానంతో దాన్ని మానేశారు. తర్వాత పరీక్షల్లో అది నిజం కాదని తేలింది. మిత్రపక్షాలు ఆ తరహా మందుపాతరలను పెద్దగా వాడనూ లేదు.

మోడలర్‌కు ఈ తేదీలే ప్రాణం. బోవింగ్టన్‌లోని ‘టైగర్ 131’ 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కింది. ఆ టైగర్‌కు జిమ్మెరిట్ పూస్తే కాలం తప్పినట్టే. ఇక 1944 వేసవి నార్మండీ టైగర్‌కు అది లేకపోతే వివరణ చెప్పుకోవాలి. గీతల తీరునుబట్టి ఫ్యాక్టరీని కూడా గుర్తుపట్టవచ్చు. జర్మన్ స్టుగ్-3 ఫిరంగి వాహనాల మీద చదరాల గళ్లు కనిపిస్తే అవి ఆల్కెట్ ఫ్యాక్టరీలో తయారైనవని లెక్క. పాత కిట్ మీద మోడలర్లు పుట్టీ రాసి, వేడిచేసిన సూదితోనో చిన్న స్క్రూడ్రైవర్ మొనతోనో ఆ గీతలను ఒక్కొక్కటిగా నొక్కేవారు. ఒక ట్యాంకుకు కొన్ని వారాల సాయంత్రాలు పట్టేవి. దశాబ్దాల తర్వాత తమియా ఆ పూతను అంటించే షీట్లుగా అచ్చేసి అమ్మింది.

ఈ పట్టుదల పరిశోధనను కూడా ముందుకు నడిపింది. హిల్లరీ డాయిల్ గీసిన కొలతల పటాలు, థామస్ జెంట్జ్‌తో కలిసి ఆయన తెచ్చిన ‘పాంజర్ ట్రాక్ట్స్’ వరుస మోడలర్ల బల్లల మీద చోటుచేసుకున్నాయి. అమెరికా చరిత్రకారుడు స్టీవెన్ జలోగా స్వయంగా మోడలర్ కూడా. సైన్యాల దస్తావేజుల్లో నిద్రపోతున్న బోల్టుల లెక్కలను, ఫ్యాక్టరీ మార్పుల తేదీలను వెలికితీసిన పుస్తకాలకు కొనుగోలుదారులు చాలామంది మోడలర్లే. వాళ్లను రివెట్లు లెక్కపెట్టే మనుషులని తోటివాళ్లే వెక్కిరిస్తారు.

ఆ లెక్కలన్నీ చివరికి కిట్ల సంస్థలకూ చేరాయి. 1989లో తమియా తెచ్చిన కొత్త టైగర్ కిట్‌ను మోటారు కోసం గీయలేదు. మోడలర్లు ఇరవై ఏళ్లుగా చేత్తో దిద్దుకుంటున్న చాలా వివరాలు అందులో పోతలోనే వచ్చాయి. 1987లో హాంకాంగ్‌లో మొదలైన డ్రాగన్, ఆ తర్వాత చైనా సంస్థలు పోటీ పెంచాయి. ఇప్పుడు ఇత్తడి రేకులు, విడి లింకులు, టర్నింగ్ చేసిన అల్యూమినియం గొట్టం పెట్టెలోనే దొరుకుతాయి.

రంగుల్లోనూ వెర్లిండెన్ తర్వాత మలుపు వచ్చింది. స్పెయిన్‌కు చెందిన మిగ్ హిమెనెజ్ వంటివాళ్లు పొడి రంగులతో దుమ్మును, తుప్పు మరకలను వేరువేరు పొరలుగా కట్టారు. అడుగు రంగు మీద హెయిర్‌స్ప్రే కొట్టి, పై రంగు వేసి, తడిబ్రష్‌తో రుద్దితే పెచ్చులూడిన పెయింట్ వస్తుంది. అడుగు రంగులో తుప్పును పెడితే, గీతలు పడ్డచోటల్లా అది తొంగిచూస్తుంది.

పాత కిట్లు మాత్రం పోలేదు. వాటి అచ్చులు మళ్లీ మళ్లీ బయటికి వస్తున్నాయి, ధర కొత్తవాటిలో చిన్న వంతు. కొందరికి చిన్నప్పుడు కొనుక్కోలేకపోయిన పెట్టె అది. ఇంకొందరికి కోరుకున్న వాహనం అందులో తప్ప మరెక్కడా దొరకదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే ‘సారథ్’ సంగతే చూస్తే, అది సోవియట్ బీఎంపీ-2కు భారతీయ రూపం, ట్యాంకు కాదు గానీ ట్రాక్‌ల మీద నడిచే పదాతిదళ వాహనం. దాన్ని 1/35లో చేయాలనుకున్న మోడలర్‌కు డ్రాగన్ పాత బీఎంపీ-2 కిట్ ఒక ఆధారం. అందులో ఉండేవి సోవియట్ గుర్తులు. భారత సైన్యపు నంబరు మొదట్లో వచ్చే పైకి చూపే బాణం గుర్తును, ఆ తర్వాతి అంకెలను చేత్తోనే రాసుకోవాలి. పలచటి రేకులు, పట్టీలు, ఏరియల్ పని ఎలాగూ ఉంటుంది. ఎద్దుమైలారం నుంచి వచ్చిన వాహనాలను రిపబ్లిక్ డే కవాతులో దగ్గరగా తీసిన ఫొటోలు ముందేసుకుని, ఏ పెట్టె ఎక్కడ బిగించారో, ఏ తాడు ఏ కొక్కెం నుంచి వేలాడిందో వరసపెట్టి రాసుకోవడంతో ఆ పని మొదలవుతుంది.