మునాజరా: వాదనకూ ఒక అదబ్ ఉంది

తరావీహ్ ఎనిమిది రకాతులా, ఇరవైయా? వాట్సాప్‌లో మొదలైన ఇలాంటి ప్రశ్న ఒక్కోసారి బంధువుల మధ్య మాటలు ఆగిపోయేదాకా వెళ్తుంది. ఏ విషయంలోనైనా చర్చ ఎలా చేయాలో నేర్పే విద్యే మునాజరా. దీనిపై 17వ శతాబ్దంలో జౌన్‌పూర్ ఆలిం అబ్దుర్ రషీద్ రాసిన 'రషీదియా' మన దేశపు మదర్సాల్లో పాఠ్యగ్రంథంగా నిలిచింది.

ఈ విద్యలో నిజం తేల్చుకోవడానికి చేసే చర్చ మునాజరా. ఎదుటివారిని ఓడించడానికి చేసేది ముజాదలా. ఈ రెండూ కాక, ఊరికే మొండిపట్టు పడితే అది ముకాబరా.

ఒక మాట నిజమని చెప్పేవారే దానికి దలీల్ చూపాలి. వినేవారికి మూడు దారులున్నాయి:

- మన్అ: ఫలానా మాటకు ఆధారం ఏంటని అడగడం.
- నక్జ్: ఇచ్చిన దలీల్‌లో లోపం చూపడం.
- ముఆరజా: దానికి ఎదురుగా మరో దలీల్ పెట్టడం.

మనిషిని తిట్టడం ఈ మూడింటిలో లేదు. చర్చ ఉత్తమమైన రీతిలో సాగాలని ఖుర్ఆన్ (16:125) చెబుతుంది. ఎగతాళి చేయడం, చెడ్డపేర్లు పెట్టి పిలవడం వద్దంటుంది (49:11).

ఫార్వర్డ్ పంపిన పెద్దాయన్ని "చాచా, దీనికి దలీల్ ఏంటి?" అని మర్యాదగా అడగడం బేఅదబీ కాదు. జవాబు తెలియకపోతే "తెలియదు, ఆలింను అడిగి చెప్తాను" అనడం ఓటమీ కాదు.