దత్తమండలములు – 1918 నాటి జ్వరోపద్రవము

రాజ్యములు మాఱిన సంవత్సరములను మన చరిత్రగ్రంథములు చక్కఁగాఁ దెలుపును. 1800లో నిజాము కడప మొదలగు సీమలను ఆంగ్లవర్తకసంఘమునకు దత్తము చేసెను. 1839లోఁ గందనవోలు నవాబు పదచ్యుతుఁ డయ్యెను. జ్వరము వచ్చిన సంవత్సరమును మాత్రము మనము మఱచితిమి.

1918లో ఐరోపా మహాసంగ్రామము ముగియుచుండఁగా ఇన్‌ఫ్లుయెంజా జ్వరము బొంబాయినుండి దేశమెల్ల వ్యాపించెను. ఆ యేడే నైరృతి వర్షములును తప్పెను. యుద్ధముచే ధాన్యపు వెల లంతకుమున్నే హెచ్చి యుండెను. హిందూదేశమునఁ గోటికిఁ బైగా జనులు మడిసిరి. 1901 మొదలు జరిగిన జనగణనలలో దేశజనసంఖ్య తగ్గినది 1911–21 దశకమున మాత్రమే. వాననే నమ్మి జొన్న కొఱ్ఱలు పండించుకొను మెట్టసీమలకు తిండిలేమియు రోగమును వేఱు కావు.

పిదప 1919 నాటి శాసనము ప్రజారోగ్యమును మంత్రుల కొసఁగి, కోశమును, భూమిశిస్తును, నీటిపారుదలను గవర్నరు పక్షముననే నిలిపెను. మందు మంత్రులది, నీరు దొరలది! నీరులేని చోట మందేమి చేయఁగలదు?

ఈ సీమవారు 1928లో నంద్యాల సభయందు దత్తమండల మను పేరు విడిచి రాయలసీమ యను పేరు గైకొనిరి. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలోఁ గృష్ణా తుంగభద్రా పెన్నానదుల జలములఁ దమకు మొదటి వంతు కోరిరి. జ్వరమే యీ కోరికకుఁ గారణమని చెప్పరాదు. కాని దాని యవసరమును 1918 ముందే చూపినది. 1953లోఁ గర్నూలు రాజధాని యయ్యెను. 1956లో నా పదవి తొలఁగెను. రాజధానులు కదలిపోవును, నీటి ప్రశ్న కదలదు. చరిత్ర వ్రాయువారు సంధిపత్రములతోఁబాటు మరణపట్టికలనుగూడఁ జదువవలయును.