పట్టపగల్లో దాగిన పగలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాసింజరు ఎక్కితే చెవికి మేతే మేత. "పట్టపగలే మోటారు తీగ కోసుకుపోయారు వదినా!" అని ఎదుటి బల్ల మీద ఒకావిడ వాపోతోంది. పగలు సరే, ఆ ‘పట్ట’ ఎక్కడిది?

అదీ పగలే. పగలు పగలు అని రెండుసార్లు అన్నది అరిగి అరిగి అలా తేలింది. మాటను రెట్టించినప్పుడు రెండోదాని పేరు ఆమ్రేడితం. ఆ పేరు పాణిని నాటిదే. తెలుగు చేసిన చమత్కారాన్ని పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రంగా బిగించాడు. కడ, నడుమ, చివర లాంటి కొన్ని మాటలకు ఆమ్రేడితం తగిలితే, ముందుమాటలో తొలి అచ్చు దాకా మిగులుతుంది. తక్కినదంతా ఊడిపోయి ‘ట్ట’ వచ్చి కూర్చుంటుంది. కట్టకడ, నట్టనడుమ, చిట్టచివర. ఎట్టెదురులోనైతే పాపం మొదటి ‘ఎదురు’కు మిగిలింది ఒక్క ‘ఎ’!

అసలు రెట్టించడం దేనికి? దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు అక్కడి బౌద్ధ స్తూపంలో బ్రాహ్మీ రాతలున్న రాతి పేటికలు బయటపడ్డాయి. బౌద్ధులు శరణు వేడేది మూడుసార్లు. రెండోసారీ, మూడోసారీ అని లెక్క కూడా పైకే చెబుతారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉన్న అశోకుడి పద్నాలుగో శాసనం ఇంకా ముచ్చటైనది. కొన్ని సంగతులు తీయనివి కాబట్టి, జనం ఆచరించాలి కాబట్టి మళ్లీ మళ్లీ చెప్పించానని చక్రవర్తి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అందులో వాడిన ‘పునపున’ కూడా జంటమాటే. బాపట్ల వైపు చేపల చెరువు వేలంలోనూ అంతే. "ఒకటోసారి, రెండోసారి..." మూడోసారి పడేదాకా పాట ఖరారు కాదు.

రెట్టింపుకు ఇంకో ముఖం ఉంది. చేపలు గీపలు, పుస్తకం గిస్తకం. భాషావేత్త ముర్రే ఎమెనో 1938లోనే నీలగిరుల తోడా భాషలోని ఇలాంటి జంటల మీద వ్యాసం రాశాడు. నాకు తోచింది ఒకటే: ముందుమాటను నలిపితే పట్టు పెరుగుతుంది, వెనకమాటను మారిస్తే పట్టు సడలుతుంది.

రేపల్లె దగ్గరపడేసరికి ఆవిడ కోపమూ సడలింది. "తీగా గీగా పోతే పోనీ వదినా, మోటారు మిగిలింది."