మల్లుడి బలానికి కొలమానం: యల్లాప్రగడ సుబ్బారావు నుంచి వింగేట్ పరీక్ష వరకు

నేటి అంతర్జాతీయ నియమాల ప్రకారం కుస్తీ పోటీ నిడివి ఆరు నిమిషాలు. మూడేసి నిమిషాల భాగాలు రెండు, వాటి నడుమ 30 సెకన్ల విరామం. గెలుపోటములను తేల్చే ఘట్టాలు ఇంతకంటే ఎంతో చిన్నవి. ప్రత్యర్థి కాలు అందుకోవడం, అతణ్ణి నేల మీంచి లేపి పడవేయడం, బిగిసిన పట్టు విడిపించుకోవడం, ఇవన్నీ కొద్ది సెకన్ల పనులు. అంత తక్కువ వ్యవధిలో కండరం కోరినంత ఆక్సిజన్‌ను గుండె, ఊపిరితిత్తులు అందించలేవు. కండరం తన దగ్గర ముందే దాచుకున్న ఇంధనంతో, ఆక్సిజన్ కోసం ఎదురుచూడకుండా పని ముగించాలి. ఇలా వెలువడే శక్తినే శరీరధర్మశాస్త్రం అవాయు శక్తి అంటుంది.

దూరపు పరుగు పందెగాడి దమ్మును కొలవడం సూత్రరీత్యా సులువు. అతను విడిచిన గాలిని సంచిలో పట్టి, వాడుకున్న ఆక్సిజన్ ఎంతో లెక్కకడితే చాలు. మల్లుడి విషయంలో ఆ దారి పనికిరాదు. ఆక్సిజన్ ప్రమేయం లేకుండా జరిగిన పనిని ఆక్సిజన్ లెక్కతో తేల్చడం ఎలా? ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్నకు జవాబు వెతికిన క్రమంలో ఒక కీలకమైన మలుపు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేతుల మీదుగా వచ్చింది. ఆయన పరిశీలించింది మల్లులను కాదు, గాజు నాళికలో ఒక రంగు తేలే తీరును. అయినా ఆ పరిశీలన లేకపోతే, నేడు క్రీడా ప్రయోగశాలలు ఇచ్చే అంకెలు దేన్ని కొలుస్తున్నాయో చెప్పడం కష్టమయ్యేది.

ప్రదర్శనే కొలతగా ఉన్న రోజులు

ప్రయోగశాలలు రాకముందు బలానికి ప్రదర్శనే ప్రమాణం. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ శిక్షణ నేర్పి, సొంత సర్కసుతో దేశమంతా తిరిగిన కోడి రామమూర్తి నాయుడి ఖ్యాతి ఇందుకు మంచి ఉదాహరణ. ఇనుప గొలుసులు తెంచడం, కదలబోయే మోటారు కార్లను ఆపడం, ఛాతీ మీద ఏనుగును మోయడం ఆయన ప్రదర్శనల్లో ప్రసిద్ధమైనవి. చూసినవారికి ఆ బలం ఎంతటిదో తెలిసేది. కానీ ఒక మల్లుణ్ణి మరొక మల్లుడితో పోల్చడానికో, ఒకే మల్లుడి బలం ఏడాదిలో ఎంత పెరిగిందో చెప్పడానికో గొలుసులూ ఏనుగులూ చాలవు.

పల్లె ఆటల్లోనూ ఒక లెక్క ఉండేది. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడు గుక్క తిప్పుకోకుండా ఎదుటి బరిలో ఎంతసేపు నిలవగలడన్నదే ఆ లెక్క. నేటి కబడ్డీలో కూతకు 30 సెకన్ల గడువు పెట్టి గడియారం ఆ పని చేస్తోంది.

బలాన్ని అంకెలోకి తెచ్చే తొలి ప్రయత్నాల్లో పేర్కొనవలసినది అమెరికా వ్యాయామాచార్యుడు డడ్లీ అలెన్ సార్జెంట్‌ది. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు హెమెన్వే వ్యాయామశాలను దీర్ఘకాలం నడిపిన ఆయన, నిలుచున్న చోటునుంచి మనిషి ఎంత ఎత్తు ఎగరగలడన్నది అతని దేహదారుఢ్యానికి గుర్తు అని 1921లో ప్రతిపాదించాడు. సార్జెంట్ జంప్ అన్న పేరుతో ఆ పరీక్ష నేటికీ వాడుకలో ఉంది. అయితే ఎగిరిన ఎత్తు ఫలితాన్నే చెబుతుంది. ఆ ఎగురుడుకు కండరం ఏం ఖర్చుపెట్టిందో చెప్పదు.

ఒకే ఖాతా ఉందనుకున్న కాలం

కండరం ఖర్చు గురించి అప్పటికి చలామణిలో ఉన్న సిద్ధాంతం లాక్టిక్ ఆమ్లానిది. కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ 1907లో కప్ప కండరాలపై చేసిన ప్రయోగాలు ఒక విషయాన్ని నిర్ధారించాయి. ఆక్సిజన్ అందకుండా అలసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది, ఆక్సిజన్ అందితే తగ్గిపోతుంది. ఇంగ్లండులో ఏ. వి. హిల్ కండరం వెలువరించే వేడిని కొలిచి, జర్మనీలో ఆటో మయర్‌హాఫ్ ఆ రసాయన క్రియను లెక్కించి ఈ చిత్రాన్ని విస్తరించారు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని వారిద్దరూ పంచుకున్నారు.

హిల్ అక్కడితో ఆగక కప్ప కండరం నుంచి మనిషి దాకా వచ్చాడు. తానే పరుగెత్తి, పరుగులోనూ పరుగు ఆగాకా పీల్చిన ఆక్సిజన్‌ను కొలిచాడు. పరుగు ఆగిన తర్వాత కూడా కొంతసేపు రొప్పుతూ ఉండడాన్ని ఆయన అప్పు తీర్చడంతో పోల్చాడు. ‘ఆక్సిజన్ రుణం’ అన్న మాట అలా వచ్చింది. అప్పటి అవగాహనలో ఆ అప్పుకు ఖాతా ఒకటే. కండరం సంకోచించడానికి కారణం లాక్టిక్ ఆమ్లం, రుణం తీరడమంటే ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడం. దీని ప్రకారం మల్లుడి అవాయు శక్తి అంటే అతని కండరాలు తయారుచేయగల లాక్టిక్ ఆమ్లమే.

ఆలస్యంగా తేలిన నీలిరంగు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో చిన్న పనులు చేసుకుంటూ చదివి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కె ప్రయోగశాలలో చేరారు.

అక్కడ ఆయనకు అందిన పని రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతి రూపొందించడం. ఫిస్కె, సుబ్బారావుల పేర్లతో 1925లో వెలువడిన ఆ పద్ధతి సూత్రం సరళమైనది. ద్రావణంలోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలుస్తుంది. తగిన క్షయకరణి చేర్చితే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. రసాయన ప్రయోగశాలల్లో ఈ పద్ధతి తరతరాల విద్యార్థులకు పరిచయమైనదే.

ఇదే పద్ధతిని కండరపు రసానికి వర్తింపజేసినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. రంగు వెంటనే పూర్తిగా తేలక, నెమ్మదిగా చిక్కబడుతూ వచ్చింది. కొలిచే పద్ధతిలోని లోపంగా దీన్ని సర్దుబాటు చేసి ముందుకు పోవచ్చు. ఫిస్కె, సుబ్బారావు అలా చేయలేదు. ఏదో ఒక అస్థిరమైన పదార్థం ఆమ్లంలో మెల్లగా విరిగి ఫాస్ఫేటును విడుదల చేస్తున్నదని ఊహించి, దాన్ని వేరుచేశారు. మాంసపు రసంలో పందొమ్మిదో శతాబ్దం నుంచే తెలిసిన క్రియాటిన్, ఫాస్ఫేటుతో జతకూడి ఉన్న రూపమది. దానికి ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా కండరంలో విడి ఫాస్ఫేటుగా లెక్కకు వచ్చినదానిలో చాలా భాగం నిజానికి ఈ జంట పదార్థమే. కండరం పనిచేస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతి తీసుకుంటే తిరిగి నిండుతుంది. 1927లో వారు ఈ సంగతి ప్రకటించారు. అదే సంవత్సరం లండన్‌లో ఎగ్లటన్ దంపతులు కూడా స్వతంత్రంగా ఇటువంటి పదార్థాన్నే గుర్తించి ఫాస్ఫజెన్ అన్నారు.

1929లో ఫిస్కె, సుబ్బారావులు కండరం నుంచి మరొక పదార్థాన్ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడు దాన్ని కనుగొన్నాడు. జీవకణం ఖర్చుపెట్టే నాణెంగా నేడు పాఠ్యపుస్తకాలు వర్ణించే ఏటీపీ అదే. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా విషంతో అడ్డుకున్న కండరం కూడా సంకోచించగలదని, అప్పుడు తరిగేది ఫాస్ఫోక్రియాటిన్ అని నిరూపించాడు. లాక్టిక్ ఆమ్లమే సంకోచానికి కారణమన్న సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. హిల్ ఈ ఓటమిని దాచుకోలేదు. 1932లో తాను రాసిన సమీక్షా వ్యాసానికి కండర శాస్త్రంలో విప్లవం అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు.

రెండు ఖాతాలు, రెండు కొలతలు

మనిషి విషయంలో దీని పర్యవసానాన్ని తేల్చింది కూడా హార్వర్డే. అక్కడి ‘ఫెటీగ్ లాబరేటరీ’లో మార్గారియా, ఎడ్వర్డ్స్, డిల్ 1933లో ఆక్సిజన్ రుణాన్ని రెండుగా విడదీశారు. ఒక భాగం పని ఆగిన కొద్ది నిమిషాల్లోనే తీరిపోతుంది, దానికి లాక్టిక్ ఆమ్లంతో సంబంధం లేదు. రెండో భాగం ఆ ఆమ్లంతో ముడిపడి, చాలా నెమ్మదిగా తీరుతుంది. మొదటిదాని వెనక ఉన్నది ఫాస్ఫోక్రియాటిన్ వంటి పదార్థాల ఖర్చేనని వారు ప్రతిపాదించారు.

ఈ విభజనతో క్రీడలు కొత్తగా అర్థమయ్యాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఆ ఒక్కొక్క ఎత్తు కొద్ది సెకన్లది, ప్రధానంగా మొదటి ఖాతా మీద నడిచేది. కబడ్డీ కూతలో రెండు ఖాతాలూ తెరుచుకుంటాయి. కుస్తీలో అవి పదే పదే ఖర్చవుతాయి. విశ్రాంతిలో రక్తపు లీటరుకు ఒక మిల్లీమోలు చుట్టూ ఉండే లాక్టేటు, గట్టి కుస్తీ ముగిసేసరికి పది దాటడం సాధారణం.

ఖాతాలు వేరని తెలిశాక వాటికి తగిన పరీక్షలు వెలువడ్డాయి. 1966లో మార్గారియా, తన సహచరులతో కలిసి, మెట్ల పరీక్షను ప్రకటించాడు. క్రీడాకారుడు కొంత దూరం నుంచి పరుగున వచ్చి మెట్లెక్కుతాడు. రెండు నిర్ణీత మెట్ల మధ్య పట్టిన కాలాన్ని విద్యుత్ గడియారం నమోదు చేస్తుంది. 70 కిలోల మనిషి ఒక మీటరు ఎత్తును 0.7 సెకన్లలో ఎక్కితే అతని సామర్థ్యం సుమారు 980 వాట్లు. ఇంత స్వల్ప కాలంలో రెండో ఖాతా పాత్ర బహుస్వల్పం కనుక, ఇది దాదాపుగా మొదటిదానికే కొలత.

రెండింటినీ కలిపి చూసే పరీక్ష 1970ల్లో ఇజ్రాయెల్‌లోని వింగేట్ సంస్థ నుంచి వచ్చింది. అయలోన్, ఇన్‌బార్, బార్-ఓర్ రూపొందించిన ఈ పరీక్షలో క్రీడాకారుడు నిలకడ సైకిలును 30 సెకన్లపాటు ఒళ్ళు దాచుకోకుండా తొక్కాలి. చక్రం మీద నిరోధం మొదట నిర్దేశించిన ప్రకారం శరీరపు బరువులో ప్రతి కిలోకు 75 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి 5.25 కిలోలు. ఏ అయిదు సెకన్లలో అత్యధిక సామర్థ్యం కనబడితే అది శిఖరం, మొత్తం 30 సెకన్లది సగటు, శిఖరం నుంచి ఎంత పడిపోయాడన్నది అలసట సూచిక. మల్లుల బలం చేతుల్లోనూ భుజాల్లోనూ కూడా ఉంటుంది కనుక వారికి తక్కువ నిరోధంతో చేతులతో తిప్పే పరీక్ష కూడా పెడతారు.

అంకె చెప్పేది, చెప్పనిది

శిఖరం మొదటి ఖాతాకు, సగటు రెండోదానికి అద్దం పడతాయని తొలుత అనుకున్నారు. కండరం నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించే పద్ధతి స్వీడన్‌లో అభివృద్ధి చెందాక ఆ నమ్మకం సడలింది. వింగేట్ పరీక్షలో పది సెకన్లు గడిచేసరికే కండరంలో లాక్టేటు గణనీయంగా పెరుగుతోందని 1980ల్లో తేలింది. 30 సెకన్లలో ఆక్సిజన్ వాటా కూడా కొంత ఉంటుంది. అంటే ఖాతాలు వేరైనా, తలుపులు దాదాపు ఒకేసారి తెరుచుకుంటాయి. బయటి అంకె నుంచి లోపలి ఖర్చును నేరుగా చదవలేము.

మరొక సంగతి. ఖాళీ అయిన ఫాస్ఫోక్రియాటిన్ సగం దాకా తిరిగి నిండడానికి సుమారు అరనిమిషం పడుతుంది. ఆ నింపే పనికి ఆక్సిజన్ కావాలి. కుస్తీలో రెండు భాగాల మధ్య దొరికే విరామం దాదాపు అంతే. అందుచేత ఒక్కసారి తొక్కి సాధించిన శిఖరం కంటే, పదే పదే ఆ శిఖరం చేరగలగడమే మల్లుడికి అవసరం. పోలండ్‌లో స్టెర్కోవిచ్ 1990ల్లో జూడో కోసం రూపొందించిన పరీక్ష దీన్ని గుర్తించింది. ఆరు మీటర్ల ఎడంలో నిలబడ్డ ఇద్దరిని 15, 30, 30 సెకన్ల విడతల్లో, నడుమ పదేసి సెకన్ల విరామంతో, ఎన్నిసార్లు పడవేయగలిగారో లెక్కించి, గుండె వేగంతో కలిపి సూచిక కడతారు.

అంకెను తప్పుగా చదివితే ప్రమాదం కూడా ఉంది. సామర్థ్యాన్ని తరచు కిలోకు ఇన్ని వాట్లని చెబుతారు. చెమట పట్టించి, నీళ్ళు మానేసి బరువు తగ్గిన మల్లుడి వాట్లు పెరగకపోయినా కిలోకు పడే వాట్లు పెరిగినట్టు కనిపిస్తాయి. అలా బరువు తగ్గే ప్రయత్నంలోనే 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు కొద్ది వారాల వ్యవధిలో చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కళాశాల క్రీడాసంఘం నియమాలు మార్చి, శరీరంలో నీటి స్థాయిని కూడా పరీక్షించడం మొదలుపెట్టింది.

సుబ్బారావు కనుగొన్న పదార్థం పేరు నేడు వ్యాయామశాలల్లో డబ్బాల మీద కనిపిస్తుంది. నోటిద్వారా తీసుకున్న క్రియాటిన్ కండరంలోని నిల్వను పెంచుతుందని హారిస్, సోడర్లండ్, హల్ట్‌మన్ 1992లో చూపినప్పటి నుంచి దాని వాడకం ప్రపంచమంతా పాకింది. ఆ డబ్బా కొనే తెలుగువారిలో ఈ సంబంధం తెలిసినవారు తక్కువ.

ఆయనను తూచిన కొలతలు మాత్రం సరిగా తూచలేదు. మద్రాసు ఆయనకు తక్కువ పట్టా ఇచ్చింది. హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఫిస్కె అసూయవల్లే సుబ్బారావు పనిలో కొంత వెలుగు చూడలేదని, ఇతరులు దాన్ని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, ఆ ప్రయోగశాలలోనే చదివి తర్వాత నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడ్డాడు. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన సుబ్బారావు ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు మందు, ఆరియోమైసిన్ వంటి పరిశోధనలకు నాయకత్వం వహించి, 1948 ఆగస్టులో 53వ ఏట కన్నుమూశారు.

కొలతల చరిత్రలో ఆయన పాఠం ఒకటుంది. రంగు ఆలస్యంగా తేలడాన్ని పొరపాటుగా కొట్టివేసి ఉంటే, పద్ధతి మిగిలేది, ఫాస్ఫోక్రియాటిన్ దొరికేది కాదు. వింగేట్ సైకిలు ముందు నిలబడ్డ శిక్షకుడికి కూడా అదే వర్తిస్తుంది. అంచనాకు లొంగని అంకె కనిపించినప్పుడు దాన్ని సర్దేయకముందు, ఆ కండరం ఏం చెబుతున్నదో ఒకసారి అడగాలి.