మాచ్‌ఖండ్ నుంచి సీలేరు దాకా: మన ఏటి నీళ్ల కథ



మా హాస్టల్ వెనక కొండ మీదుగా పెద్ద కరెంటు టవర్లు వరసగా పోతాయి. వానాకాలంలో చెట్టు కొమ్మ విరిగి పడి మా ఊరి లైను తెగితే, రెండు మూడు రాత్రులు కొవ్వొత్తులతో గడపడం మాకు అలవాటే. అలాంటి ఒక రాత్రి తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "మేడం, ఆ పెద్ద తీగల్లో కరెంటు మన ఏటి నీళ్లతో చేసిందేనంట కదా. మన నెత్తి మీద నుంచే పోతా ఉంటే మనకెందుకు లేదు?"

ఆ రాత్రి మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత పుస్తకాలు తిరగేశాం, విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరైన పెద్దలను అడిగాం. తెలుసుకున్నది ఈ సంచికలో మీ అందరితో పంచుకుంటున్నాం.

మన ఏటిలో ఏముంది?

నీటితో కరెంటు తీయడానికి రెండు కావాలి: నీరు, అది పడే ఎత్తు. సెకనుకు ఒక ఘనపు మీటరు, అంటే వెయ్యి లీటర్ల నీరు 100 మీటర్ల ఎత్తు నుంచి పడితే 981 కిలోవాట్ల శక్తి వస్తుంది. యంత్రాల్లో పోయేది పోగా సుమారు 850 కిలోవాట్లు మిగులుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో నీరు చాలా ఉంది, ఎత్తు లేదు. మన కొండ ఏటిలో నీరు తక్కువైనా ఎత్తు ఉంది. డుడుమ దగ్గర మాచ్‌ఖండ్ నది దాదాపు 175 మీటర్ల లోతుకు దూకుతుంది. మన పెద్దలు ఆ జలపాతానికి దణ్ణం పెట్టుకున్నారు. ఇంజనీర్లు అదే జలపాతంలో మెగావాట్లు చూశారు.

1946లో మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మాచ్‌ఖండ్ కేంద్రాన్ని ప్రారంభించారు. తర్వాతి ఏళ్లలో అక్కడ ఆరు యూనిట్లయ్యాయి. మొత్తం సామర్థ్యం 120 మెగావాట్లు. తెలుగు నేల మీద పెద్ద ఎత్తున జలవిద్యుత్తు మొదలైంది ఇలా మన మన్యం అంచునే.

కొండ పెట్టిన పరీక్షలు

అది చిన్న పని కాదు. ఆ పని చేసిన వాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి.

మొదటి చిక్కు వాన. మనకు నాలుగు నెలలే వాన, కరెంటు మాత్రం పన్నెండు నెలలూ కావాలి. అందుకే పైన జోలాపుట్ దగ్గర పెద్ద డ్యాం కట్టి వాన నీళ్లను నిలబెట్టారు. అక్కడి నుంచి వదిలిన నీటిని డుడుమ దగ్గర మళ్లీ ఆపి, పక్కకు మళ్లించి, లోయ అడుగున ఉన్న పవర్ హౌస్‌కు దింపారు.

రెండో చిక్కు దారి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వచ్చింది 1960లలో. అంతకు ముందే టన్నుల కొద్దీ బరువున్న యంత్రాలను ఘాట్ రోడ్ల మీదుగా కొండ పైకి తెచ్చి, మళ్లీ లోయలోకి దించాలి. నిటారు వాలు మీద పట్టాలు వేసి వించ్‌తో దించారు. దానికి తోడు మన్యం జ్వరం. మలేరియా పేరు చెబితేనే మైదానం కూలీలు భయపడే రోజులవి.

మూడో చిక్కు నీటి ఒత్తిడి. లోతు ప్రతి పది మీటర్లకూ చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో చొప్పున బరువు పెరుగుతుంది. 200 మీటర్ల ఎత్తున్న గొట్టం అడుగున వేలి గోరంత చోటు మీద ఇరవై కిలోలు. పైగా పారే నీటిని ఒక్కసారిగా ఆపితే అది వెనక్కి తన్నుతుంది. ఇంట్లో కుళాయి గబుక్కున కట్టేస్తే పైపు దడదడమంటుందే, అదే పెద్ద గొట్టంలో జరిగితే ఉక్కు కూడా పగులుతుంది. అందుకే ఇలాంటి కేంద్రాల్లో గేట్లను నెమ్మదిగా మూస్తారు. తన్నిన నీరు పైకి ఎక్కి శాంతించడానికి చాలాచోట్ల సర్జ్ ట్యాంకు అనే నిలువు బావిని కడతారు.

అదే నీటిని కిందికి దిగే కొద్దీ మళ్లీ మళ్లీ వాడుకున్నారు. మాచ్‌ఖండ్ దాటిన నీరు బలిమెల జలాశయం చేరుతుంది. అక్కడ రెండు రాష్ట్రాలూ పంచుకున్నాక మన వాటా నీరు సీలేరుగా కిందికి వస్తుంది. 1960ల చివర మొదలైన ఎగువ సీలేరులో ఇప్పుడు 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, పొల్లూరు దగ్గర దిగువ సీలేరులో 460. ఆ తర్వాత శబరి, ఆపైన గోదావరి. డెల్టాలో రబీ వరి ఎండిపోకుండా వేసవిలో వదిలేది కూడా ఈ సీలేరు నీళ్లే.

లెక్కలోకి రానిది

రాయి ఎంత గట్టిదో కొలిచారు. వాన ఎంత పడుతుందో కొలిచారు. రాష్ట్రాల వాటాలు మొదట 70–30 అని రాసుకుని, తర్వాత సగం సగానికి వచ్చారు. ముంపు ఊళ్లకు ఆ వాటాల్లో వంతు లేదు.

పరిశోధకులు చెప్పిన లెక్క ప్రకారం మాచ్‌ఖండ్ కింద దాదాపు 3 వేల కుటుంబాలు నిర్వాసితులయ్యాయి. వారిలో సగం మంది గిరిజనులు. పునరావాసం దక్కింది 600 కుటుంబాలకే. మిగతా వాళ్లు ఏమయ్యారు? కొందరు ఇంకా పైకి, ఇంకా రాళ్ల నేలకు పోయి పోడు కొట్టుకున్నారు. మీ ఇంట్లో ముసలి అవ్వ "మా అసలు ఊరు నీళ్ల కింద ఉంది" అని ఎప్పుడైనా అని ఉంటే, ఆ మాట రాసి పెట్టుకోండి. అది కూడా చరిత్రే.

బలిమెల నీళ్లు ఇంకో పని చేశాయి. ఒడిశా వైపు 151 ఊళ్లను మిగతా లోకం నుంచి వేరు చేశాయి. దశాబ్దాల పాటు ఆ ఊళ్లకు పడవే దిక్కు. 2018లో గురుప్రియ వంతెన తెరిచాకే వాళ్లకు దారి వచ్చింది. దాని పొడవు 910 మీటర్లు. డ్యాం కట్టగలిగిన దేశానికి 910 మీటర్ల వంతెన చేతకాక కాదు. ఆ అవసరాన్ని ఎవరూ ప్రాజెక్టు ఖర్చులో రాయలేదు.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు తీగల సంగతి. కరెంటును దూరం పంపేటప్పుడు తీగలో కొంత వేడిగా పోతుంది. వోల్టేజీ పది రెట్లు పెంచితే అదే శక్తికి కరెంటు పదో వంతు చాలు, నష్టం నూరో వంతుకు తగ్గుతుంది. అందుకే పెద్ద లైన్లలో లక్ష వోల్టులకు పైన పెడతారు. దాన్ని నేరుగా మన బల్బుకు కలపలేం. సబ్‌స్టేషన్లు కట్టి 33 వేలకు, 11 వేలకు, చివరికి ఇంటి వోల్టేజీకి దించాలి.

ఇది సైన్సు చెప్పే జవాబు. మరి సబ్‌స్టేషన్ ఎక్కడ కట్టాలో, ఊరి లైనును ఎంత గట్టిగా వేయాలో సైన్సు చెప్పదు. వాడకం ఎక్కువ ఉన్నచోటికి ముందు పోతుంది. చెదిరిన కొండ గూడేలు ఆ వరసలో చివరన నిలబడతాయి. కాబట్టి చీకటికి కారణం సగం తీగలో ఉంది, సగం కాగితంలో ఉంది.

కాగితం చదివిన వాళ్లు

కాగితం చదివితే ఏమవుతుందో కూడా మన కొండల్లోనే చూశాం. అనంతగిరి ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడినా వదలలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదు.

ఒడిశాలో నియమగిరి కథ ఇంకా పెద్ద పాఠం. కొండ మీద బాక్సైట్ తవ్వడానికి అనుమతి రాకముందే కొండ కింద అల్యూమినా శుద్ధి కర్మాగారం కట్టేశారు. టన్ను అల్యూమినాకు రెండు టన్నులకు పైగా బాక్సైట్ కావాలి. తయారయ్యేటప్పుడు మిగిలే క్షారపు ఎర్ర బురదను ఏళ్ల తరబడి కాపలా కాయాలి. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 12 గ్రామసభలు వద్దన్నాయి. కర్మాగారం అక్కడే ఉంది, నియమగిరి శిఖరం కూడా చెక్కు చెదరకుండా ఉంది.

ఇక మీ వంతు

ఇప్పుడు మన కొండలకు పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వస్తున్నాయి. ఎగువ సీలేరు దగ్గర ప్రతిపాదించినది 1,350 మెగావాట్లు. పగలు మిగిలిన సౌర విద్యుత్తుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడడానికి 100 యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేది 75–80 యూనిట్లు. దేశానికి ఇలాంటివి అవసరమని ఇంజనీర్లు చెప్పే మాటలో నిజం ఉంది. మనం అడిగే ప్రశ్నల్లోనూ నిజం ఉండాలి.

గ్రామసభకు కాగితం వచ్చిన రోజు ఇవి అడగండి. నీరు ఎంత ఎత్తు దాకా నిలుస్తుంది? ఆ గీత లోపల ఎవరి పట్టా భూమి, ఎవరి అటవీ హక్కు పత్రం ఉంది? సొరంగం తవ్వితే మన ఊటలు ఎండిపోతాయా, తీసిన రాళ్లు ఎక్కడ పోస్తారు? పని అయిపోయాక ఉద్యోగాలు ఎన్ని, అందులో మనకు ఎన్ని? మన ఊరి లైను ఆ ఖర్చులో ఉందా? జవాబు రాతలో అడగండి. పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం ఆ అధికారం మనకు ఇచ్చాయి.

ఆ ప్రశ్నలు అడగాలంటే కాంటూరు మ్యాపు చదవడం రావాలి, మెగావాటుకూ యూనిట్‌కూ తేడా తెలియాలి. ఐ.టి.ఐ.లో, పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన ప్రతి తమ్ముడూ చెల్లీ ఊరికి వచ్చినప్పుడు ఒక గంట గ్రామసభకు ఇస్తే చాలు. రేపు సర్వే పార్టీలో మనవాళ్లు కూడా ఉండాలి.

ఆ రాత్రి ప్రశ్న అడిగిన అమ్మాయి ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుంది. లెక్కలంటే ఇంకా భయమే అంటుంది. సెలవులకు వచ్చినప్పుడు ఆమెతో కలిసి సీలేరు మ్యాపు ముందేసుకుని కూర్చుంటున్నాం.