సడలింపు కాలము: మైనము నుండి మానవ శరీరము వరకు

ఎం.ఆర్.ఐ. పరీక్ష పేరు నేడు మన యిండ్లలో అందరును ఎరిగినదే. ఆ చిత్రమునందలి తెలుపు నలుపుల భేదమునకు ముఖ్యాధారము ఒక కాలపరిమాణము. దానిని శాస్త్రజ్ఞులు రిలాక్సేషన్ కాలమందురు. మనము సడలింపు కాలమనవచ్చును. వైద్యశాలలో అడుగిడుటకు పూర్వమే అది మైనము, నీరు, గ్లిసరిన్ వంటి సామాన్య పదార్థముల పరిశోధనలో వెలువడినది. ఆ చరిత్రలో బెంగళూరునకును భాగము కలదు.

ఉదజని కేంద్రకములు చిన్న అయస్కాంతముల వంటివి. బలమైన అయస్కాంత క్షేత్రమున వానిలో కొంచెము ఆధిక్యము క్షేత్రదిశకు మొగ్గును. తగిన రేడియో తరంగము సోకినచో ఆ మొగ్గు చెదరును. తరంగము నిలిచిన పిదప, పోయిన మొగ్గులో నూటికి 63 వంతులు తిరిగి వచ్చుటకు పట్టు కాలము టి-1. ఒకే లయలో తిరుగు కేంద్రకములు లయ తప్పుటను తెలుపు కాలము టి-2.

1936లో హాలండు శాస్త్రజ్ఞుడు గోర్టర్ ఈ అనునాదమును స్ఫటికములలో వెదకి విఫలుడయ్యెను. వానిలో సడలింపు మిక్కిలి మందముగా జరుగుట అందులకొక కారణమని తరువాతివారు తలచిరి. 1946లో అమెరికాలో పర్సెల్, టోరీ, పౌండ్ అనువారు పారఫిన్ మైనమునందును, బ్లాక్, హాన్సెన్, ప్యాకార్డ్ అనువారు నీటియందును దానిని కనుగొనిరి. బ్లాక్, పర్సెల్‌లకు 1952లో నోబెల్ బహుమానము లభించెను. 1948లో బ్లూంబెర్గెన్, పర్సెల్, పౌండ్‌లు ద్రవముల చిక్కదనమును మార్చి చూచి, అణువుల చలనమే సడలింపు వేగమును నిర్ణయించునని నిరూపించిరి.

బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో జి. సూర్యన్ 1951లో ప్రవహించు ద్రవములను పరీక్షించెను. నిలిచియున్న ద్రవము తరంగమునకు లోనై అలసి, సంకేతము క్షీణించును. ప్రవాహమున తరంగము సోకని కొత్త కేంద్రకములు వచ్చి చేరుటచే సంకేతము హెచ్చును. నేడు మందు ఎక్కింపకయే రక్తనాళములను చూపు ఒక పద్ధతి ఈ సూత్రముననే నిలిచియున్నది.

1971లో డమేడియన్ ఎలుకల కణితులలో సడలింపు కాలములు ఆరోగ్యవంతమైన కణజాలముకంటె దీర్ఘమని ప్రకటించెను. 1973లో లాటర్‌బర్ నీటి గొట్టముల చిత్రమును ప్రచురించుచు, కేవలము నీటిని మాంగనీసు లవణము కలిపిన నీటినుండి సడలింపు భేదముచే వేరుపరచి చూపెను. 1975లో జూరిచ్‌నందు అనిల్ కుమార్, వెల్టి, ఎర్న్‌స్ట్‌లు చిత్రరచనకు ఫోరియర్ గణితమును జోడించిరి. అనిల్ కుమార్ పిదప బెంగళూరు సంస్థలోనే ఆచార్యుడుగా పనిచేసెను. 2003లో లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లు నోబెల్ బహుమానము నందిరి.

మెదడులోని బూడిదవర్ణ భాగమున నీరు నూటికి సుమారు 80 వంతులు, శ్వేతభాగమున సుమారు 70. నీటి పరిమాణము మాత్రమే చూచినచో భేదము స్వల్పము. కాని 1.5 టెస్లా క్షేత్రమున టి-1 మొదటిదానికి ఇంచుమించు 0.9 సెకండు, రెండవదానికి 0.6 సెకండు. వైద్యుని కంటికి రెండును వేరుగా తోచుటకు ఈ యంతరమే ముఖ్యకారణము. ఐనను ఈ సంఖ్య యొక్కటే రోగమును నిర్ణయింపజాలదు. వాపు, కణితి మున్నగువాని కాలములు పరస్పరము కలిసిపోవుచుండును.

గ్లిసరిన్‌లో అణువుల కదలికను కొలిచిననాడు రోగి ప్రసక్తియే లేదు. ప్రయోజనము వెంటనే కనబడని విద్యను వ్యర్థమని త్రోసిపుచ్చువారికి ఈ చరిత్ర చాలిన సమాధానము. ఇట్టి విషయమును మాతృభాషలో వినిన బాలుడు రేపు ఏ భాషలో చదివినను దాని మర్మమును మరువడు. పొరుగు రాష్ట్రములందలి మన తెలుగు బడులు చేయదగిన సేవ యిదియే.